తెల్లగా వదిలిన నేల

రుద్రముని మౌనవ్రతం పట్టిన కొద్దిరోజులకే తాత అతనికి పని చెప్పాడు. చిక్కు అక్కడ మొదలైంది.

తాత అంటే గుండ్లకోన మఠం పెద్ద సిద్దప్ప. ఊళ్లో ముసలివాళ్లు కూడా ఆయన్ని తాత అనే పిలుస్తారు. మఠం కొండవాలున ఉంది. కింద ఊరు, ఊరి చుట్టూ మఠం మాన్యం. ఆ నేల ఏ కాలంలో ఎవరిచ్చారో చెప్పగలిగేవాళ్లు ఇప్పుడు లేరు. దున్నుకునేవాళ్లు దున్నుకుంటారు, మేపుకునేవాళ్లు మేపుకుంటారు. మఠం ఎవర్నీ ఏమీ అడగదు. మఠంలో ఉండేది తాత, రుద్రముని, ఇద్దరే.

ఆ ఏడు ఏటికి అడ్డంగా కట్ట కట్టారు. ఎగువన ఏటిగడ్డపల్లె అనే ఊరు నీళ్లలోకి పోయింది. అక్కడి జనం మూటాముల్లె, మేకలూ కోళ్లూ తీసుకుని గుండ్లకోనకు వచ్చారు. బడి వరండాలో, రచ్చకట్ట మీద, ఎవరింటి చూరు కింద చోటుంటే అక్కడ సర్దుకున్నారు. వాళ్లకు ఇళ్లు కట్టడానికి నేల కావాలి. మఠం నేల ఇస్తానని తాత మాటిచ్చాడు. ఏ నేలో మీరే తేల్చి చెప్పండి, వచ్చే నెల మొదటి గురువారం వచ్చి హద్దురాళ్లు పాతిస్తానని తహసీల్దారు కబురు పంపాడు.

తాత రుద్రమునిని పిలిచాడు.

"పోయి తెలుసుకొని రా. ఏ నేల ఎవరికి ఎందుకు పనికొస్తాందో. దాన్నిబట్టి చెబుదాం."

రుద్రముని పలక తీసి రాశాడు: మౌనంలో ఉన్నాను. ఉగాది దాకా.

తాత పలక చదివి తిరిగి ఇచ్చేశాడు.

"ఉండు. మౌనం నీది, ఇండ్లు వాళ్లవి. రెండూ ఎట్లా చేస్తావో నువ్వే చూసుకో."

రుద్రముని రెండూ చేయగలననుకున్నాడు. అనుకోవడానికి కారణం ఉంది. మఠానికి రాకముందు అతను సర్వే ఆఫీసులో పనిచేశాడు. గొలుసు పట్టుకుని ఊళ్లు ఊళ్లు తిరిగాడు. అడిగితే మనిషి అబద్ధం చెబుతాడని అక్కడే నేర్చుకున్నాడు. పక్కవాడి గట్టు తనదంటాడు, బీడు నేలలో వేరుశనగ వేశానంటాడు, తాతల నాటి బావి అంటూ నిరుడు తవ్విన గుంట చూపిస్తాడు. నేల అలా కాదు, చూసినవాడికి ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది. నోరు మూసుకుని చూడగలిగిన మనిషికి మౌనం ఈ పనిలో అడ్డం కాకపోగా సాయమని అతని లెక్క.

పెద్ద దళసరి కాగితం మీద ఊరి పటం గీసుకున్నాడు. రంగు పెన్సిళ్లు తెచ్చుకున్నాడు. నీళ్లు పారే మడికి ఆకుపచ్చ, మెట్టకు పసుపు, పశువుల మేతకు మట్టిరంగు, ఇళ్లకు ఎరుపు, వాగుకూ కుంటలకూ నీలం. మఠం వాడుకునే నేలకు కాషాయం. ఎవరూ దేనికీ వాడని నేలను తెల్లగా వదిలేయాలి.

పొద్దున్నే పటం చుట్టి చంకన పెట్టుకుని దిగేవాడు. ప్రతి నేల ముక్కనూ ఉదయం ఒకసారి, ఎండ నడినెత్తికి వచ్చాక ఒకసారి, పొద్దు వాలాక ఒకసారి చూసేవాడు. ఒకసారి చూసి రంగు పెట్టడం పాపమని అతని నియమం. తాను చేస్తున్న పనిలో ఎక్కడా వంక లేదని అతనికి తెలుస్తూనే ఉంది. ఆ తెలియడం లోపల చల్లగా ఉండేది.

మొదట్లో జనం పలకరించారు. ఎవరు పలకరించినా రెండు చేతులూ జోడించి దండం పెట్టి ముందుకు సాగిపోయేవాడు. కుంట కింద మడి దున్నే ఓబులేసు రెండుసార్లు పిలిచి చూసి, పక్కవాడితో, "ఒరేయ్, మన సామి పటం గీసేది నేలకు కాదురా, తన నోటికి గీత గీసుకుండాడు" అన్నాడు. పక్కవాడు నవ్వాడు. రుద్రముని అదీ విన్నాడు. దానికీ దండం పెట్టాడు.

తర్వాత పలకరింపులు తగ్గాయి. అతను వస్తుంటే మాటలు ఆగేవి, దాటిపోయాక మళ్లీ మొదలయ్యేవి. బావి దగ్గర ఆడవాళ్లు చెంగులు సర్దుకుని పక్కకు జరిగేవాళ్లు. కుక్కలు కూడా అలవాటుపడి మొరగడం మానేశాయి. సాయంత్రాలు ఒక్కడూ కొండ ఎక్కుతూ వెనక్కి చూస్తే ఊళ్లో దీపాలు వెలిగేవి. ఏ ఇంట్లో ఎవరున్నారో అతనికి తెలియదు. ఆ ఇంటి నేల ఎంత అన్నది మాత్రం తెలుసు.

ఊరికి ఉత్తరాన, రేగుపొదలు దాటాక, ఒక చదును నేల ఉంది. రాయీ రప్పా లేదు, వాలు లేదు. దున్నిన జాడ లేదు, గడ్డి కూడా పెద్దగా మొలవదు. అక్కడక్కడ ఎండిన తుమ్మకంప కుప్పలు పడి ఉన్నాయి. ఎవరో కంచెకని కొట్టి మరిచిపోయి ఉంటారు. ఒక కుప్పను పక్కకు లాగి, ఆ జాగాలో కూర్చుని, పటం ఒళ్లో పరుచుకుని ఆ మధ్యాహ్నమంతా చూశాడు. ఒక్క పశువు రాలేదు, ఒక్క బండి పోలేదు.

పొద్దు వాలాక మాత్రం ఒక ఆడమనిషి వచ్చింది. తలమీది గంప దించి, అతనికి దూరంగా ఒక కుప్ప పక్కన ఊరికే కూర్చుంది. కాసేపటికి లేచి, అతనివైపు రెండడుగులు వేసి ఏదో అనబోయింది. రుద్రముని లేచి దండం పెట్టి, పటం చుట్టుకుని వచ్చేశాడు. ఆ రాత్రి కాగితం అంచున రాసుకున్నాడు: ఒక స్త్రీ, విశ్రాంతి. వాడకం లేదు.

అలా ఊరి నేల మొత్తం రంగుల్లోకి వచ్చింది. మఠం వెనక కానుగ తోపుకు మాత్రం చూడకుండానే కాషాయం పెట్టాడు. చూడాల్సిన పని లేదు. విశాలమైన చదును నేల, చిక్కటి నీడ, పక్కనే ఊటబావి. తెల్లవారుజామున అతను ధ్యానానికి కూర్చునేది అక్కడే. మఠంలో చేరిన నాటినుంచీ అక్కడికి మరో మనిషి వచ్చింది లేదు. ఆ తోపు కోసమే తాను ఈ మఠంలో నిలిచిపోయానేమోనని కూడా అతనికి అప్పుడప్పుడు అనిపించేది. 'ప్రతిదినం ఒకరు కూర్చుంటారు' అని పక్కన రాశాడు.

పటం తెచ్చి తాత ముందు పరిచాడు. తాత చాలాసేపు చూశాడు. ఆకుపచ్చ మీద వేలు పెట్టి కదిలించి, మెట్ట దాటి, ఉత్తరాన తెల్లటి ముక్క దగ్గర ఆపాడు.

"ఇదేంది?"

రుద్రముని పలక మీద రాశాడు: ఖాళీ. ఇళ్లకు సరిపోతుంది.

"ఖాళీ అని ఎట్లా తెలిసె?"

చూశాను, అని రాశాడు. ఆగి, కింద మరో ముక్క చేర్చాడు: మూడు పూటలా.

తాత తలూపాడు. పటాన్ని తానే జాగ్రత్తగా చుట్టి, దారం కట్టి, అతని చేతికిచ్చాడు. బాగుందని అనలేదు, బాగాలేదని అనలేదు. తెల్లారి పట్నానికి పోయి దీనికి నకలు తీయించుకు రమ్మన్నాడు.

మర్నాడు రుద్రముని మొదటి బస్సుకు పోయి, నకళ్లు తీయించుకుని సాయంత్రానికి తిరిగొచ్చాడు. కొండ ఎక్కి తన గది దగ్గరికి వచ్చేసరికి కిటికీ ఊచకు ఒక మేక కట్టేసి ఉంది.

లోపల అతని చాప మీద ఒక ముసలాయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. గడప దగ్గర ముసలామె కాళ్లు బారచాపి ఉల్లిగడ్డలు ఒలుస్తోంది. ఏటిగడ్డపల్లె వాళ్లని మూటలు చూస్తే తెలుస్తోంది. అతని పంచెలు, చెంబు, పుస్తకాలు వరండా మూలన ఒకదాని మీద ఒకటి పొందికగా పేర్చి ఉన్నాయి. రుద్రముని గదివైపు చూపించి, తన గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. ముసలామెకు అర్థం కాలేదు.

"తాత ఇచ్చినాడు నాయనా" అంది. "ఎవరూ లేరంట కదా ఈడ. బడికాడ రేయంతా ఒకటే గాలి. మా ఆయనకు దగ్గు. చల్లగుండాల తాత కడుపు."

తాత వంటింటి అరుగు మీద చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతున్నాడు. రుద్రముని ఎదురుగా నిలబడ్డాడు. తాత తలెత్తలేదు. పలక బస్సులో తెచ్చిన సంచిలోనే ఉంది. తీసి రాసేంత ఓపిక అప్పుడు అతనికి లేకపోయింది.

"అది నా గది."

చాలారోజుల తర్వాత వచ్చిన మాట. గొంతు తనది కానట్టు బొంగురుగా వచ్చింది.

"అట్లనా" అన్నాడు తాత, ఒక రాయి తీసి పక్కన పెడుతూ. "పొద్దున పోయి చూస్తి. ఎవరూ లేకపాయె. ఎండపూట మళ్లీ చూస్తి, అప్పుడూ లేరు. మాపటేళ కూడా చూద్దామనుకుంటి గానీ, ఆమె కాళ్లు వాచిపోయిండాయి. అంతసేపు నిలబెట్టేది ఎట్లా?"

"నా చాప ఉంది కదా. నా చెంబు ఉంది."

"ఉన్నాయి. ఎవరో పారేసి పోయినారేమోననుకుంటి."

"నన్ను అడగాల్సింది!"

తాత చేతులు ఆగాయి. తలెత్తి శిష్యుణ్ణి చూశాడు. కోపం లేదు, నవ్వూ లేదు. ఇంకేమైనా చెబుతాడేమోనని ఎదురుచూస్తున్న మనిషిలా చూశాడు.  తాను అన్న మాట ఇంకా ఆ అరుగు మీదే ఉన్నట్టు రుద్రమునికి తోచింది.

"కడవలో నీళ్లున్నాయి, తాగు" అన్నాడు తాత. "గొంతు ఎండినట్టుంది."

మళ్లీ బియ్యం వైపు వంగాడు.

రుద్రముని నీళ్లు తాగాడు. పటం చంకన పెట్టుకుని, వచ్చిన దారినే దిగి, ఊరు దాటి ఉత్తరానికి నడిచాడు. రేగుపొదల దగ్గర ఆగాడు. ఆ ఆడమనిషి ఆ రోజు వస్తుందో రాదో తెలియదు. ఏ రోజుల్లో వస్తుందో అతను రాసుకోలేదు.

ఆమె వచ్చింది. గంపలో అమ్ముడుపోని వంకాయలు అడుగున కాసిని మిగిలాయి. సంతనుంచి తిరిగొచ్చే దారి అది. అతన్ని చూసి, దండం పెట్టి పోతాడని కాబోలు, తనే ముందు చేతులు జోడించింది.

"అమ్మా, నీ పేరేమి?"

గంప దించబోతున్నదల్లా అలాగే నిలబడిపోయింది.

"మాట్లాడతావా నువ్వు?"

"మాట్లాడతాను."

"సుంకమ్మ" అని చెప్పింది. తర్వాత కూర్చుంది. ఆ రోజు కూర్చున్న చోటే, ఆ కంపకుప్ప పక్కనే. రుద్రముని కొంచెం ఎడంగా కూర్చున్నాడు. ఎలా అడగాలో అతనికి చప్పున తోచలేదు. సర్వే ఆఫీసులో అడిగే ప్రశ్నలు వేరు.

"ఈ నేల దేనికి, సుంకమ్మా?"

ఆమె కంపలోంచి ఒక పుల్ల విరిచి, దాంతో మట్టి మీద గీస్తూ చెప్పింది. పెద్దవాళ్లు పోతే వాగు అవతల కాలుస్తారు. పసిపిల్లల్ని కాల్చరు. పురిట్లో పోయినవాళ్లని, పాలు మరవకముందే పోయినవాళ్లని ఇక్కడికి తెచ్చి పెడతారు. రాయి వేయరు, గుర్తు పెట్టరు, పేరు పెట్టని బిడ్డకు గుర్తేమిటని పెద్దల మాట. నక్కలు తవ్వకుండా పైన కంప మాత్రం కప్పుతారు. కంప పుచ్చిపోతే తల్లి ఓపికున్నన్నాళ్లు కొత్తది తెచ్చి వేస్తుంది. ఓపిక పోయాక నేల మామూలు నేలయిపోతుంది. ఊళ్లో ఇక్కడికి రాని ఇల్లు లేదంది. మగవాళ్లు మొదటిరోజు వస్తారు, అంతే.

"నీ బిడ్డ..."

"ఇద్దో" అంది, పక్కనున్న కుప్ప మీద చెయ్యి వేసి. చెయ్యి వేయడంలో ముళ్లు గుచ్చుకోని చోటు ఆమె చేతికి తెలిసినట్టుంది. "ఉండింటే నీ అంత ఉండును."

 ఎండ రేగుపొదల చివర్లకు ఎక్కింది.

"ఆ పక్కది మా తోడికోడలిది" అంది సుంకమ్మ. "ఆమెకు నడుములు పోయినాయి, రాలేదు. దాని మింద కంప మొన్న ఎవరో లాగేసినారు. నేనే మళ్లీ ఏసినా."

రుద్రముని అటు చూశాడు. ఆ మధ్యాహ్నం తాను ఎక్కడ కూర్చున్నాడో గుర్తుపట్టడానికి పటం అవసరం కాలేదు.

"నేనే లాగాను" అన్నాడు. "కూర్చోవడానికి."

 సుంకమ్మ పుల్లను కంపలోకి తిరిగి దోపింది.

"ఆపొద్దు చెప్దామనే లేస్తి సామీ. నువ్వు దండం పెట్టి పోతివి."

మర్నాటినుంచి రుద్రముని మళ్లీ ఊరు తిరిగాడు. ఈసారి పటం చూపించి అడిగాడు. ఓబులేసు మొదట నమ్మలేదు. "నిజంగా నీ నోరేనా సామీ, ఎవరిదన్నా అడిగి తెచ్చుకుంటివా?" అన్నాడు. నవ్వి, గట్టు మీద చోటిచ్చి, కూర్చోబెట్టుకుని చెప్పాడు. చెప్పినవాళ్లలో అబద్ధాలు చెప్పినవాళ్లు ఉన్నారు. గట్లు జరిపినవాళ్లూ ఉన్నారు. ఒకరు చెప్పింది ఇంకొకరిని అడిగితే తేలేది. పసుపు పెట్టిన మెట్టలో కోతలయ్యాక గొర్రెలు పండుకుంటాయని తెలిసింది. మట్టిరంగు వేసిన గుట్టవారన ఎండాకాలం ఆడవాళ్లు మిరపకాయలు ఆరబోస్తారట. కుమ్మరులు మట్టి తీసేది కుంట ఎండాకనే. ఒక రంగు ఉన్న చోటల్లా దాని మీద ఇంకో రంగు గీతలుగా గీయాల్సి వచ్చింది. చివరికి కాగితం మీద ఖాళీ అనదగ్గ చోటు లేదు.

ఏటిగడ్డపల్లె వాళ్లకు చోటు లేదు.

తెల్లారితే తహసీల్దారు చెప్పిన గురువారం. బడి వరండాలో ఒక పసిబిడ్డకు జ్వరమని కబురు వచ్చింది. తహసీల్దారు వస్తే ఏ నేల చూపించాలి? మఠానికి నేల లేదని చెబితే వాళ్లను ఇంకెక్కడో, తెలియని ఊరి పక్కన, రాళ్లగుట్ట మీద దింపుతారు. లేదా పాత నకలు ఒకటి అతని సంచిలో ఉంది. దాంట్లో ఉత్తరాన తెల్లటి చదును నేల ఉంది. చూపిస్తే ఎవరూ కాదనరు. చూసినవాళ్లకు అది ఖాళీయే.

ఆ పూట రుద్రముని కానుగ తోపులోకి పోయి కూర్చున్నాడు. పూత రాలుతోంది, నేలంతా లేత ఊదారంగు పొట్టు పరిచినట్టుంది. ఊటబావిలో నీళ్ల చప్పుడు తప్ప ఏమీ వినపడదు. ఇన్నేళ్లూ ఆ నిశ్శబ్దాన్ని తన సంపాదన అనుకున్నాడు. ఇప్పుడు వింటే, ఎవరూ పలకరించని చోట ఒక మనిషి చాలాకాలంగా కూర్చుని ఉన్నాడనిపించింది. ఎంతసేపున్నాడో, పొద్దు గుంకుతుండగా లేచి, పంచె దులుపుకుని, వరండాలో తన మూలకు వెళ్లి పెన్సిళ్లు తీశాడు.

తాత అరుగు మీద ముసలాయనకు కషాయం కలుపుతున్నాడు. రుద్రముని పటం తెచ్చి దీపం పక్కన పరిచాడు. పాత నకళ్లు చింపి పొయ్యిలో వేశానని చెప్పాడు.

తాత వేలు ఈసారి నేరుగా ఉత్తరానికి పోయింది. అక్కడ రంగేమీ లేదు. చుట్టూ నల్ల సిరాతో, సన్నగా, ఓపికగా, ఒక్కొక్క ముల్లూ విడివిడిగా గీసిన కంప ఉంది. తాత దాని మీద ఒక నిమిషం వేలు ఆనించకుండా నిలిపాడు.

తర్వాత వేలు వెనక్కి వచ్చి మఠం దగ్గర ఆగింది. వెనకనున్న కాషాయం మీద కొత్తగా ఇళ్ల ఎరుపు పూసి ఉంది. కింది రంగు ఇంకా అక్కడక్కడ కనిపిస్తోంది.

"ఈడ రోజూ ఒకరు కూర్చుంటారని రాసింటివే?"

"అతన్ని అడిగాను తాతా."

"ఏమన్నాడు?"

"లేస్తానన్నాడు."